వీధికుక్కను ఇంటికి తెచ్చుకున్నాక మొదటి మూడు నెలలు

మా చుక్క ఇంటికొచ్చాక మొదటి మూడు రోజులూ వాషింగ్ మెషీన్ వెనక సందులోనే ఉంది. గోడకి వీపు ఆనించి, తోక కడుపు కిందకి ముడుచుకుని కూర్చునేది. మేం అటుగా నడిస్తే కళ్లు మాత్రం కదిలేవి. గిన్నె దగ్గర్లో పెడితే, అందరం పడుకున్నాక తినేది. రెండేళ్ల ఆడకుక్క, షెల్టర్ నుంచి తెచ్చాం. అక్కడ అందరి మీదా ఎగబడి ఆడింది కాస్తా ఇక్కడ రాయిలా బిగుసుకుపోయింది. మూడో రోజు పొద్దున మా అమ్మ ఇక ఉండబట్టలేక, "దానికి మన ఇల్లు నచ్చలేదేమోరా, పాపం, అక్కడే దింపేసి రా" అంది.

దింపలేదు. ఆ రాత్రి రెండింటికి టైల్స్ మీద గోళ్ల చప్పుడు వినబడింది. వంటింట్లోకి, హాల్లోకి, మళ్లీ వంటింట్లోకి తిరుగుతోంది. ప్రతి కుర్చీ కాలూ వాసన చూస్తోంది. నేను కదల్లేదు, కళ్లు కూడా తెరవలేదు. కాసేపటికి మంచం మీంచి వేలాడుతున్న నా పాదానికి తడి ముక్కు చల్లగా తగిలింది. క్షణం ఆగి, మళ్లీ తన సందులోకి వెళ్లిపోయింది. తెల్లారి లేచి చూస్తే హాలు మధ్యలో కూర్చుని ఉంది.

కొత్తగా వచ్చిన కుక్క దగ్గరికి మనం వెళ్లకూడదు. అదే మన దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. కింద చెప్పే పద్ధతులన్నీ దీన్ని పట్టుకునే ఉంటాయి. రెస్క్యూ పనిలో ఉన్నవాళ్లు ఒక లెక్క చెబుతారు: భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోడానికి మూడు నెలలు. ఇది అంచనా మాత్రమే. దెబ్బలు తిన్న కుక్కకి ఆర్నెల్లు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

తెచ్చే ముందు

ముందు ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. ఒకరికి ఇష్టం లేకపోయినా ఆ భారం చివరికి కుక్క మీదే పడుతుంది. పూజగదిలోకి రానివ్వాలా, మంచం ఎక్కనివ్వాలా, పొద్దున బయటికి ఎవరు తీసుకెళ్లాలి అన్నవి కుక్క రాకముందే తేల్చుకోండి. ఈరోజు సోఫా ఎక్కనిచ్చి రేపు కసిరితే దానికి ఏమీ అర్థం కాదు.

అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల సంగతి వేరు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించకూడదు, లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదు. అలాగని ఆ కాగితం పట్టుకుని గొడవకి దిగడం కన్నా, పక్కింటివాళ్లకి ముందే ఒక మాట చెప్పి ఉంచడం మేలు. హైదరాబాద్‌లో ఉంటే రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో జీహెచ్‌ఎంసీ దగ్గర పెంపుడు కుక్క లైసెన్సు కూడా తీసుకోవాలి.

దత్తత అంటే తర్వాత వెనక్కి వదిలేయడం ఉండదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో కూడా, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే అని ఉంది.

పిల్లనే తెచ్చుకోవాలని చాలామంది పట్టుబడతారు. నన్నడిగితే, మొదటిసారి పెంచేవాళ్లకి ఏడాది దాటిన కుక్కే సులువు. దాని స్వభావం అప్పటికే తెలిసిపోతుంది, గంటకోసారి బయటికి తిప్పే పని ఉండదు. పిల్లని తెచ్చుకుంటే మాత్రం ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి విడదీయకండి. ఎదిగిన వీధికుక్కల్లో చెవి చివర 'వి' ఆకారంలో చిన్న కత్తిరింపు ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా కూడా వేస్తారు, కానీ తేదీ తెలిసే కాగితం ఉంటే అడిగి తీసుకోండి.

ఇంట్లో సర్దాల్సింది ఎక్కువేం లేదు. జనం తిరగని ఒక మూల చూసి, అక్కడ పాత దుప్పటి, ఒక స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టండి. టైల్స్ మీద వీధికుక్కల కాళ్లు జారిపోతాయి. ఆ జారుడుకే భయపడి కదలకుండా కూర్చునేవి ఉంటాయి. దాని మూల నుంచి గుమ్మం దాకా గోనెపట్టాలో, జంపఖానానో పరిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. బాల్కనీ ఊచల మధ్య సందులకి వల కట్టించండి. ఫినాయిల్, బొద్దింకల మందు, ఎలకల మందు అందనంత ఎత్తులో పెట్టండి.

తెచ్చే రోజు

రెండు రోజులు సెలవు కలిసొచ్చేలా చూసుకుని పొద్దున్నే తీసుకురండి. దీపావళికి, వినాయక నిమజ్జనానికి ముందు వారంలో మాత్రం వద్దు. టపాసులు, డప్పుల మధ్య కొత్త ఇల్లంటే దానికి నరకమే.

మెడకి బెల్టు ఒక్కటే సరిపోదు. భయపడ్డ కుక్క వెనక్కి గుంజితే తల జారిపోతుంది. ఛాతీకి వేసే హార్నెస్ కూడా తొడిగి, తాడు రెండింటికీ కలిపి తగిలించండి. బెల్టుకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల షెల్టర్ దగ్గరే కట్టేయండి, ఇంటికెళ్లాక చూద్దాం అనుకోవద్దు. కొత్త కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది తొలి రోజుల్లోనే, అదీ కారు తలుపు తీసినప్పుడో, ఇంటి గుమ్మం దగ్గరో. అది పడుకున్న గోనెసంచీ ముక్కో, పాత గుడ్డో అడిగి తెచ్చుకోండి. కొత్త చోట ఆ వాసనే దానికి తెలిసిన ఒకే ఒక్క వస్తువు.

ఇంటికి రాగానే లోపలికి తీసుకెళ్లకుండా, మట్టి ఉన్నచోట కాసేపు తిప్పండి. ఒంటికి పోసుకున్నాకే మెల్లగా లోపలికి తీసుకురండి. తాడు వదులుగా ఉంచి దాని మూల చూపించి, మీరు పక్కకి తప్పుకోండి. ఆ రోజు స్నానం వద్దు, బంధువులు వద్దు, ఫోటోలు వద్దు. నేను రెండో రోజే పిన్నివాళ్లని పిలిచాను. ఆరుగురు చుట్టూ చేరి "చుక్కా, చుక్కా" అని చేతులు చాపితే అది భయంతో అక్కడే పోసుకుంది. ఆ రోజు దాని కళ్లు నాకింకా గుర్తున్నాయి.

మొదటి మూడు రోజులు

అది ఉన్న గదిలో మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. నేల మీద, పక్కకి తిరిగి కూర్చుని పుస్తకమో పేపరో చదువుకోండి. కళ్లలోకి సూటిగా చూడకండి. కుక్కల భాషలో అది బెదిరింపు. చిన్న ఉడికించిన చికెన్ ముక్కని దాని వైపు విసిరి, చూడనట్టు ఉండండి. మొదట మీరు లేచి వెళ్లాక తింటుంది, తర్వాత మీరుండగా తింటుంది, ఆ తర్వాత రెండడుగులు ముందుకొచ్చి తింటుంది. ఆ వరసని తొందరపెట్టకండి.

దగ్గరికొచ్చినప్పుడు చెయ్యి తల మీదకి తీసుకెళ్లకండి. వాసన చూడనిచ్చి, మెడ పక్కనో ఛాతీ మీదో మూడు సెకన్లు నిమిరి ఆపేయండి. ఇంకా కావాలంటే అదే ఒరుసుకుంటుంది. మొహం తిప్పేసుకుంటే చాలన్నమాట.

భయపడే కుక్క ప్రతిసారీ వణకదు. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. తిండి లేకుండానే పెదాలు నాక్కుంటుంది. కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగబడుతుంది. ఇవి కనబడితే మీరు ఒకడుగు వెనక్కి వేయాలి. తోక ఊపుతోంది కదా అనుకోకండి, ఒళ్లు బిగబట్టి తోక నిటారుగా పెట్టి ఆడించడం సంతోషానికి గుర్తు కాదు.

ఒకటి రెండు రోజులు సరిగ్గా తినకపోయినా కంగారు పడక్కర్లేదు. నీళ్లు తాగకపోయినా, వాంతులు, విరేచనాలు అయినా మాత్రం ఆగొద్దు. ఎదిగిన కుక్క రెండో రోజు గడిచినా ఏమీ ముట్టకపోతే, పిల్లయితే ఒక పూట మానేసినా డాక్టరుకి చూపించాలి.

కుక్కర్ విజిల్, మిక్సీ, కాలింగ్ బెల్, ఇవి వీధిలో వినని చప్పుళ్లు. తలుపేసిన గదిలో మిక్సీ కొద్ది సెకన్లు తిప్పమని ఇంకొకరికి చెప్పి, ఇవతల మీరు దానికి ముక్కలు వేస్తూ ఉండండి. రోజూ కాస్త దగ్గరగా. మా ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బే రోజులన్నీ చుక్కకి చికెన్ రోజులే. మూడో వారానికి మిక్సీ మోగితే వంటింటి గుమ్మంలోకొచ్చి కూర్చునేది.

తిండి

మొదటి వారం షెల్టర్‌లో ఏం పెట్టేవాళ్లో అదే పెట్టండి. తర్వాత వారం పాటు కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఒక్కసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఎదిగినవాటికి రోజుకి రెండు పూటలు, పిల్లలకి మూడు నాలుగు సార్లు.

పాలన్నం మన అలవాటు, ప్రేమతోనే పెడతాం. కానీ చాలా కుక్కలకి పాలు అరగవు, పైగా అన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, కొంచెం అన్నం, తీపి గుమ్మడికాయ లేదా క్యారెట్, ఓ చెంచా పెరుగు బాగా సరిపోతాయి. ఏళ్ల తరబడి ఇంటి తిండే పెట్టాలంటే, లోటు పడకుండా ఏమేం కలపాలో డాక్టరుని అడగండి. గుడ్డు కూడా వండని ఇళ్లలో కుక్కల కోసం తయారుచేసిన సంపూర్ణాహారం కొనడమే సురక్షితం.

సాంబారన్నం, కూర కలిపిన అన్నం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని పాడుచేస్తాయి. ద్రాక్షపళ్లు, కిస్మిస్ కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, కాబట్టి పరమాన్నం, కేసరి కూడా ఆపేయండి. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్ ప్రాణాంతకం. బిర్యానీ బొమికలు అసలే వద్దు. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది.

తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి 'అలవాటు' చేయమని కొందరు చెబుతారు. వీధిలో ప్రతి ముద్దకీ పోట్లాడిన కుక్క దగ్గర అది అన్యాయం. దూరం నుంచి నడిచి వెళ్తూ గిన్నెలోకి ఇంకో ముక్క విసరండి. మనిషి వస్తే తిండి పోతుందన్న భయం, మనిషి వస్తే ఇంకాస్త వస్తుందన్న ఆశగా మారుతుంది.

డాక్టరు దగ్గరికి

జబ్బుగా కనబడకపోతే రెండు మూడు రోజులు ఊపిరి తీసుకోనిచ్చి, వారంలోపు తీసుకెళ్లండి. పిల్లలకి పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులు రాకుండా వేసే కలగలుపు టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడుతుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఏడాదికి మళ్లీ ఒకటి. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లని వీధికుక్కలు తిరిగే నేల మీద దించకండి. అలాగని ఇంట్లోనే ఉంచేయకండి. మూడో వారం నుంచి 14వ వారం దాకా చూసినవే దానికి జీవితాంతం మామూలు విషయాలవుతాయి. ఎత్తుకుని ఆటోలు, పిల్లలు, గొడుగులు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు, అన్నీ చూపించండి.

మీ ఇంట్లో ఇంతకుముందు పార్వోతో కుక్క పోయి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికుంటుంది. రక్తవిరేచనాలు, ఆగని వాంతులు కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు.

మన ఎండలకి పిడుదుల బెడద ఏడాదంతా ఉంటుంది. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, బెల్టు కింద రోజూ చూడండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నేరుగా లాగండి, వేళ్లతో నలపకండి. కిరసనాయిలు పూయడం ఇంకా చాలాచోట్ల చూస్తుంటాను. చర్మం కాలిపోతుంది, నాకితే కడుపులోకి పోతుంది. బరువుని బట్టి డాక్టరిచ్చే మందే వాడండి. కుక్క నీరసంగా పడుంటే, జ్వరమొస్తే, చిగుళ్లు పాలిపోతే, ముక్కులోంచి రక్తం వస్తే పిడుదుల జ్వరం కావచ్చు, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్లలు దానికి వేయకండి. నులిపురుగుల మందు పిల్లలకి మొదట్లో రెండు వారాలకోసారి వేయాలి, ఎదిగిన కుక్కలకి సాధారణంగా మూడు నెలలకోసారి.

ఒంటికి, రెంటికి

వీధికుక్కలు పడుకునే చోట పాడుచేయవు, అది మనకి సగం పని తగ్గిస్తుంది. మిగతా సగం వేళ. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆడాక, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లండి. పిల్లలు ఎన్ని నెలలవైతే దాదాపు అన్ని గంటలకి మించి ఆపుకోలేవు. అదే చోటికి తీసుకెళ్లి, పని కాగానే అక్కడే మెచ్చుకుని ముక్క పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే ఇంటికొచ్చినందుకే అనుకుంటుంది.

ఇంట్లో పోస్తే ముక్కు పట్టి నేలకి రుద్దడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే: మీ ముందు పోయకూడదు, మంచం వెనక పోయాలి. మాట్లాడకుండా తుడిచేయండి. ఫినాయిల్ మన ముక్కుకి వాసన కప్పేస్తుంది, దాని ముక్కుకి కప్పదు. పైగా తడి నేల తొక్కి కాళ్లు నాకితే ప్రమాదం. ఆ వాసన పూర్తిగా పోవాలంటే ఎంజైమ్ క్లీనర్ అని పెట్ షాపుల్లో అడగండి.

ఒంటరిగా వదలడం

గుంపులో పెరిగిన కుక్కకి తలుపేసిన ఇల్లంటే ఎంత భయమో ఊహించండి. సెలవులన్నీ పక్కనే కూర్చుని, సోమవారం తొమ్మిది గంటలు వదిలేసి వెళ్లకండి. మొదటి రోజు నుంచే చిన్నగా మొదలుపెట్టండి. తాళంచెవులు తీసి మళ్లీ పెట్టేయండి. చెప్పులు వేసుకుని సోఫాలో కూర్చోండి. తలుపు తీసి వేయండి. బయటికెళ్లి పది సెకన్లకి రండి, తర్వాత నిమిషం, ఐదు, పదిహేను. అది కంగారు పడకముందే తిరిగి రావడం ముఖ్యం. వెళ్లేటప్పుడు, వచ్చినప్పుడు హడావుడి చేయకండి. తలుపు గీకినా, చెప్పులు కొరికినా తిట్టకండి, అది భయం. చాలాసేపు ఏడుస్తోందని పక్కింటివాళ్లు చెబితే మళ్లీ నిమిషం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

వీధిలోకి

మొదటి వారం ఒకే దారి, ఒకే వేళ. పొద్దున అయిదున్నరకి మా వీధి ఖాళీగా ఉంటుంది. చుక్కకి అదే సరిపడింది. ఆ వీధి కుక్కలకి ఇది పరాయిది. అవి ఎదురైతే పరిగెత్తకండి, రాళ్లు విసరకండి, తాడు బిగించి గుంజకండి. మెల్లగా తిరిగి వేరే దారి పట్టండి. ఎండాకాలంలో అరచేతి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఆ వేడికి తట్టుకోలేవు. మలం సంచీలో ఎత్తి చెత్తబుట్టలో వేయండి. అపార్ట్‌మెంట్‌లో సగం గొడవలు దీనితోనే పోతాయి.

తాడు జారి పారిపోతే వెంటపడకండి. తరిమితే ఇంకా దూరం పోతుంది. అక్కడే కూర్చుని, పక్కకి తిరిగి, రోజూ తిండి పెట్టేటప్పుడు పిలిచే గొంతుతో పిలవండి. కనబడకుండా పోతే, తప్పిపోయిన చోట మీరు కట్టి విడిచిన బట్ట, దాని దుప్పటి వేసి ఉంచి, రాత్రి అలికిడి తగ్గాక తిండి తీసుకుని వెళ్లండి. మీరు దాన్ని తెచ్చిన చోటు దగ్గర్లోనే ఉంటే అక్కడ కూడా వెతకండి.

గుర్రుమంటే

గుర్రుమనడం తప్పు కాదు, "దూరంగా ఉండు" అన్న మాట. దాన్ని కొట్టి మాన్పిస్తే మాట మానేసి నేరుగా కరుస్తుంది. ఎందుకు గుర్రుమందో చూడండి: తిండి దగ్గరా, నిద్రలో ఉండగా ముట్టుకున్నారా, నొప్పేమైనా ఉందా? పిల్లలకి మూడు మాటలు చెప్పి ఉంచండి: తినేటప్పుడు వెళ్లకూడదు, పడుకున్నప్పుడు లేపకూడదు, మీద పడి కౌగిలించుకోకూడదు. చెప్పాం కదా అని పిల్లల్నీ కుక్కనీ ఒంటరిగా వదలొద్దు.

ఆటలోనైనా సరే పన్ను దిగినా, గీరుకున్నా, కారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. పసుపు, కారం, సున్నం పెట్టి ఊరుకోవద్దు. కుక్కకి టీకా వేయించామన్న ధైర్యంతో ఆగిపోవద్దు, ఆ నిర్ణయం డాక్టరుది.

మూడో నెలకి

ఇప్పుడు చూడండి, వెల్లకిలా పడుకుని కడుపు చూపిస్తుంది. మీరు ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి వస్తుంది. చెప్పులు మాయమవుతాయి. అప్పటిదాకా ఎంతో బుద్ధిమంతురాలనుకున్న కుక్క అల్లరి మొదలుపెడితే చెడిపోయిందని కంగారు పడకండి, భయం పోయి అసలు స్వభావం బయటికొస్తోంది. కూర్చో, రా, ఆగు లాంటివి నేర్పడానికి ఇదే సరైన కాలం. ఒకసారికి ఐదు నిమిషాలు చాలు, ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి.

మా చుక్క రెండు నెలలు గొంతే విప్పలేదు. మొరగడం రాదేమో అనుకున్నాం. పదో వారంలో ఓ పొద్దున పాల ప్యాకెట్లు తెచ్చిన అబ్బాయి గుమ్మం దగ్గర అడుగుపెట్టగానే, హాల్లోంచి దూసుకెళ్లి ఒక్కటంటే ఒక్క అరుపు అరిచింది. అరిచి, తనే ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి మా మొహాలు చూసింది. అమ్మ వంటింట్లోంచి తలైనా బయట పెట్టకుండా, "మన పాలబ్బాయేలేవే, రా, ఇట్రా" అంది. అది వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.